ఎక్స్‌ఆర్‌డీ యంత్రం వారి దివ్యసముఖానికి

అయ్యా,

మా విశ్వవిద్యాలయం ఉమ్మడి పరికరాల విభాగంలో, ఏసీ గదిలో, అద్దాల తలుపు వెనక కొలువుతీరి, ఎక్స్‌కిరణాలతో స్ఫటికాల గుట్టు విప్పే తమరికి ఒక పరిశోధక విద్యార్థి నమస్కరించి రాయునది. నా దగ్గర ఒక గ్రాము బూడిదరంగు పొడి, మూడు సంతకాల దరఖాస్తు, డబ్బు కట్టిన రసీదు ఉన్నాయి.

తమకు కావలసింది అరగంట. పొడిని పలక గుంటలో నొక్కి పెడితే 10 డిగ్రీల కోణం నుంచి 80 దాకా చూసి, లోపల పరమాణువులు ఎలా వరుసలు కట్టాయో చెప్పేస్తారు. ఆ అరగంట కోసం మూడు నెలలుగా కాచుకుని ఉన్నాను. తమ రాగి ట్యూబు కిరణాల తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు, నాలుగో దశాంశం తప్పినా ఒప్పుకోరు. గుమ్మం ముందు వరుసలో మాత్రం నిన్న వచ్చిన పెద్దల శిష్యుడు నాకంటే ముందు లోపలికి వెళ్లాడు. ఆ వరుస ఏ స్ఫటికానిదో తమరే చెప్పాలి.

తప్పు తమది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. ఆపరేటర్ గారు సెలవు నుంచి వచ్చిన రోజే తమ ట్యూబును చల్లబరిచే చిల్లర్ చెడింది. ట్యూబుకు ఎక్కించిన విద్యుత్తులో ఎక్స్‌కిరణాలుగా మారేది నూటికి ఒక వంతుకు అటూ ఇటూ, మిగిలినదంతా వేడేనట. మా విభాగం సమావేశాలు గుర్తుకొచ్చాయి.

1912లో లారెన్స్ బ్రాగ్ తమరు పనిచేసే సూత్రం కనిపెట్టినప్పుడు ఆయనకు 22 ఏళ్లు. 25 ఏళ్లకే తండ్రితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆ కిరణాలను కొలిచే స్పెక్ట్రోమీటరు తయారుచేసింది ఆ తండ్రే, టోకెను అవసరం పడలేదు. నాకు 29. మా నాన్నగారిది ఎరువుల దుకాణం.

పైగా నా పొడిలో ఇనుముంది. తమ రాగి కిరణాలు తగిలితే ఇనుము తానూ వెలగడం మొదలుపెట్టి గ్రాఫు అడుగంతా గోల చేస్తుంది. పోనీ ఇండోర్‌లో ఎక్స్‌కిరణాలకు ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, ట్రాంబేలో న్యూట్రాన్లకు ధ్రువ రియాక్టరు ఉంది, అక్కడికి దరఖాస్తు పెడతానన్నాను. ‘‘తప్పకుండా పెట్టు, ముందు మన ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫు జతచేయి’’ అన్నారు గైడ్ గారు.

గురువారం రమ్మన్నారు. ఏ గురువారమో చెప్పలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
టోకెను నంబరు 43
(పోయిన నెలలో 41)