వస్తువులు దక్కాయి, ఇల్లు దక్కలేదు

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు గుమిగూడటం, మేలిముసుగు రెబెకా బొమ్మ దగ్గర ఆగి అది నిజంగా రాయేనా అని తేరిపార చూడటం హైదరాబాద్‌కు వచ్చిన ప్రతి కుటుంబానికీ అలవాటే. కానీ ఆ మ్యూజియం 1951 డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా మొదలైంది ఇప్పుడున్న భవనంలో కాదు, సాలార్‌జంగ్‌ల కుటుంబం కాపురమున్న దివాన్ దేవిడీ అనే పెద్ద భవంతిలో. ఆ దేవిడీ ఇప్పుడు లేదు. పాత కమానులు మిగిలాయి, లోపలంతా బట్టల హోల్‌సేల్ దుకాణాలు.

మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో చనిపోయేదాకా నిజాం రాజ్యానికి దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా ఉన్నారు. అద్దాల ఆయినాఖానా, పింగాణీతో అలంకరించిన చీనీఖానా ఆ ఇంట్లోనే ఉండేవి. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు, 1949లో వారసులు లేకుండానే పోయారు. ఆయన పోగుచేసిన వస్తువుల మీద కోర్టు వ్యవహారాలు తేలి 1958లో అవి ప్రభుత్వానికి వచ్చాయి, 1961లో పార్లమెంటు చట్టం చేసి మ్యూజియానికి జాతీయ ప్రాముఖ్యం ఇచ్చింది, 1968లో అన్నిటినీ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలించారు. వస్తువులకు ఇంత రక్షణ దొరికింది, అవి పెరిగిన ఇంటికి మాత్రం దొరకలేదు.

తరలించడం తప్పని మేము అనడం లేదు. అంత పెద్ద సేకరణకు చోటు కావాలి, భద్రత కావాలి. కానీ సామాను కదిలిందని ఇంటిని వదిలెయ్యాల్సిన పని లేదు కదా! అద్దాల బీరువాలో పెట్టిన పింగాణీ పళ్లెం అందంగానే ఉంటుంది, కానీ దివాన్ ఎక్కడ కూర్చునేవాడు, అర్జీ పట్టుకొచ్చినవాడు ఎంతదూరంలో నిలబడేవాడు, వంటవాళ్లూ నౌకర్లూ ఏ దారిన తిరిగేవాళ్లు అన్నవి ఇల్లుంటేనే తెలుస్తాయి.

అదే పాతబస్తీలో నిజాంల ప్యాలెస్ చౌమహల్లా నిలబడింది. నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని బాగుచేయించారు, 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. అయితే అంత స్తోమత ప్రతి దేవిడీ వారసులకూ ఉండదు. వాటాలు పెరిగి, డంగు సున్నంతో రిపేరు చేయించే ఖర్చు భరించలేక, బిల్డర్ ఇచ్చే డబ్బుకు ఒప్పుకున్న కుటుంబాన్ని ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు.

తెలంగాణకు 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. దాని కింద నోటీసులివ్వడంతో ఆగకుండా, మిగిలిన దేవిడీల యజమానులతో ప్రభుత్వం ఒప్పందాలు చేసుకోవాలి: ఆస్తిపన్ను మాఫీ చేయాలి, రిపేరు ఖర్చులో సగం భరించాలి, బదులుగా కొన్ని గదులు మ్యూజియంగా జనానికి తెరవాలి, మిగతా ఇంట్లో వాళ్లే ఉండొచ్చు. దివాన్ దేవిడీ కమానుల మీద వైర్లు, ఫ్లెక్సీలు తీయించి తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. మ్యూజియంలో ఒక పూర్తి గదిని ఆ ఇంటి ఫొటోలకే కేటాయించాలి, అక్కడి నుంచి కమానుల దాకా గైడ్‌తో నడక కూడా మ్యూజియమే మొదలుపెట్టాలి. దూరం ఎక్కువేమీ కాదు.