మార్కెట్ పరిస్థితులు గారికి

మహారాజశ్రీ మార్కెట్ పరిస్థితులు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టలేను. మీ ఆరోగ్యం బాగాలేదని ఈ మధ్యాహ్నమే మా మేనేజరు గారు సెలవిచ్చారు. అందువల్ల నేనూ బాగాలేను.

అరగంటలో మీ పేరు ఆరుసార్లు తలచుకున్నారు. నా పేరు ఒక్కసారే, అదీ కవరు మీద చూసి. జీతం పెంపు ఉత్తరంలో మొదటి మాట 'అభినందనలు'. రెండో పేరాలో మూడు శాతం పెంపు. ధరలేమో ఐదు శాతం పెరిగాయి. నా బల్ల దగ్గరికి వచ్చి 103ను 105తో భాగించాను. 0.98. జీతంలో దాదాపు రెండు శాతం కోసి, ఆ శుభసందర్భంలో నన్ను అభినందించారన్నమాట. జీతం అంకె తగ్గిస్తే ఉద్యోగులు ఎదురుతిరుగుతారు, ధరలు పెరిగి విలువ కరిగితే అంతగా కదలరు అని ఆర్థికవేత్త కీన్స్ 1936లోనే రాశాడు. ఆయన్ని చదవకుండానే మావాళ్లు కిటుకు పట్టేశారు.

అదీ మింగుతాను. గొంతులో అడ్డం పడింది వేరొకటి. 2022లో మీరు వెలిగిపోతున్నప్పుడు ఎక్కడున్నారండీ? అమెరికాలో అట్లాంటా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు లెక్కల్లో, ఉన్నచోటే ఉన్నవాళ్లకంటే ఉద్యోగం మారినవాళ్ల జీతాలు చాలా వేగంగా పెరిగిన ఏడాది అది. ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని నేనే మీ పేరు ఎత్తాను. "బయటి మార్కెట్‌తో మనకేం పని? మన జీతాల పద్ధతి మనది" అన్నారు మేనేజరు గారు. 2025 వచ్చేసరికి ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. నేను ఎక్కడికీ పోలేనని తెలిసిన రోజు నుంచి మీరు మాకు దగ్గరి చుట్టం. పెంచాల్సినప్పుడు ముక్కూ మొహం తెలియనివారు, కోయాల్సినప్పుడు ఇంటిపెద్ద!

(వెళ్లిపోయిన ఇద్దరి పనీ నా బల్ల మీదికి వచ్చింది. వాళ్ల జీతాలు దారి తప్పినట్టున్నాయి. నా హోదా ముందు మాత్రం 'సీనియర్' చేరింది.)

అసలు నువ్వున్నావా? ఏడాదికోసారి మొహం చాటేయడానికి వీళ్లు కట్టుకున్న తెరవా? లక్ష్యాలు పెంచేటప్పుడు నీ ఊసే ఉండదేం? "పరిస్థితులు బాగాలేవు, ఈ ఏడాది కాస్త తక్కువ పని చేయండి" అని ఒక్కరి నోటనైనా పలికించావా?

ఉత్తరం కింద సంతకం అడిగారు. 'అందుకున్నాను' అంటే చాలదట, 'ఆనందంగా అంగీకరిస్తున్నాను' అనాలట. 'ఆనందంగా' కొట్టేసి సంతకం పెట్టాను. హెచ్‌ఆర్ నుంచి ఫోను మోగుతోంది.

ఇట్లు,
మీ 0.98