లింకన్ వాళ్ల నాన్న

పోయిన వేసవిలో పిల్లలతో కలిసి ఇండియానా దక్షిణాన ఉన్న, అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ చిన్ననాటి ఊరు చూసి వచ్చాం. తిరుగు దారిలో ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి, "నాన్నా, లింకన్ వాళ్ల నాన్న లేజీ అట కదా?" అంది.

థామస్ లింకన్ గురించి చాలామందికి తెలిసింది అంతే. చదువు రాని మొరటు మనిషి, ఒకచోట కుదురుగా ఉండడు, కొడుకు పుస్తకం పట్టుకుంటే విసుక్కుంటాడు. కొడుకు ఎంత ఎత్తుకు ఎదిగాడో, చెప్పేవాళ్ల నోట తండ్రి అంత చిన్నవాడైపోయాడు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. నేనూ రైతు కొడుకునే కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ఉండనివ్వండి.

థామస్ 1778లో వర్జీనియాలో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో, కెంటకీలో పొలం పని చేస్తున్న తండ్రిని నేటివ్ అమెరికన్లు కాల్చి చంపారు. ఆ నేల ఎవరిదన్న గొడవలో రెండు వైపులా చాలామంది పోయిన కాలం అది. అప్పటి చట్టం ప్రకారం తండ్రి భూమి పెద్ద కొడుక్కి పోయింది. చిన్నవాడైన థామస్‌కి మిగిలింది కూలి పని. వడ్రంగం నేర్చుకున్నాడు. 1803లో, పాతికేళ్ల వయసులో, సొంత డబ్బుతో 238 ఎకరాలు కొన్నాడు. సోమరికి ఇది సాధ్యమా?

మరి ఆ భూమి ఎందుకు నిలవలేదు? ఇది మనవాళ్లకి వేరే వివరించక్కర్లేదు. కెంటకీలో ఎవరి సర్వేయర్ని వాళ్లే పెట్టుకుని కొలిపించుకునేవారు. హద్దు అంటే ఒక చెట్టు, ఒక బండరాయి, వాగు మలుపు. చెట్టు కూలితే హద్దు పోయినట్టే. ఒకే నేలకి ఇద్దరు ముగ్గురు హక్కుదార్లు తేలేవారు. థామస్ కొన్న 238 ఎకరాలు, సర్వే తప్పు వల్ల అమ్మేనాటికి 200 అయ్యాయి. అబ్రహాం పుట్టిన సింకింగ్ స్ప్రింగ్ పొలం పాత బాకీ తగాదాలో పోయింది. మూడో పొలమైన నాబ్ క్రీక్ మీద వేరే రాష్ట్రంలోని వారసులు దావా వేశారు. మా నాన్న పాస్ బుక్కులో ఒక సర్వే నంబరు తప్పు పడితే, దాన్ని సరిచేయించుకోవడానికి ఆయన ఏళ్ల తరబడి తిరిగారు. ఆయన్ని ఎవరూ సోమరి అనలేదు.

1816 డిసెంబరులో థామస్ ఓహియో నది దాటి ఇండియానా అడవిలోకి వచ్చాడు. అక్కడ ఫెడరల్ ప్రభుత్వమే భూమిని గళ్లుగా కొలిచి అమ్మేది. ఎకరం 2 డాలర్లు, పట్టాకి తిరుగులేదు. కెంటకీ వదలడానికి బానిసత్వం కొంత కారణమైనా, ముఖ్య కారణం భూమి హక్కుల చిక్కేనని 1860లో లింకనే రాశాడు. చదువు లేకపోయినా ఏ నేల మీద కాగితం గట్టిదో తెలిసిన మనిషిని మొద్దు అని ఎలా అంటాం?

రెండేళ్లకే దెబ్బ తగిలింది. ఆవులు ఒక తెల్లపూల అడవి మొక్క మేస్తే దాని విషం పాలలోకి దిగుతుంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ పాల జబ్బుతో 1818 అక్టోబరు 5న భార్య నాన్సీ చనిపోయింది. శవపేటిక చేసింది థామసే. ఇంట్లో పదకొండేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు. మరుసటి ఏడాది కెంటకీ వెళ్లి, ముగ్గురు పిల్లలున్న సారా బుష్ జాన్‌స్టన్ అనే వితంతువుని పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. సవతి తల్లి అంటే మన కథల్లో ఒకే రకం. ఈవిడ ఆ రకం కాదు. తనకి చదువు రాకపోయినా పుస్తకాలు వెంట తెచ్చింది. లింకన్ హత్య తర్వాత, 1865లో, ఆవిడ చెప్పిన మాట ఒకటుంది: అబ్రహాం చదువుకుంటుంటే వాళ్ల నాన్న వీలైనంత వరకు లేపేవాడు కాదు, ఆ పనేదో ముందు తనే చేసుకునేవాడు. ఈ మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అలాగని కొడుకు కోపం ఉత్తిదే అనను. ఇరవయ్యొక్కేళ్లు నిండేదాకా కొడుకు కూలి డబ్బు తండ్రిదే, అప్పటి చట్టం అంతే. చుట్టుపక్కల పొలాల్లో గొడ్డలి పట్టి సంపాదించిందంతా ఇంటికి ఇచ్చిన కుర్రాడికి మనసులో ఏదో మిగిలిపోతుంది. 1841లో లింకన్ 200 డాలర్లిచ్చి తల్లిదండ్రుల దగ్గర 40 ఎకరాలు కొని, బతికున్నంత కాలం వాళ్లనే అనుభవించమన్నాడు. డబ్బు పంపడం మనకీ తెలిసిన పనే. పక్కన కూర్చోవడం వేరు.

1851 జనవరిలో ఇల్లినాయ్ కోల్స్ కౌంటీలో థామస్ మంచాన పడ్డాడు. రెండు ఉత్తరాలకు కొడుకు జవాబివ్వలేదు. చివరికి సవతి తమ్ముడికి రాశాడు: రాసి ప్రయోజనం లేదనిపించింది, నా భార్య కాన్పయి మంచంలో ఉంది, ఇప్పుడు మేం కలుసుకున్నా సంతోషం కన్నా బాధే ఎక్కువవుతుందేమోనని నాన్నకి చెప్పు. ఐదు రోజులకు, 17న, థామస్ పోయాడు. లింకన్ అంత్యక్రియలకు వెళ్లలేదు. 2020లో విమానాలు లేక తండ్రి దహనాన్ని వీడియో కాల్‌లో చూసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. లింకన్‌కి ఆ ఇబ్బంది లేదు. ఆ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను, మూడోసారి చదవలేకపోయాను.

మా అమ్మాయికి ఇదంతా హైవే మీదే చెప్పాను. సగం విని ఫోన్ తీసింది. కాసేపటికి తనే అడిగింది, "మరి తర్వాత ఆయన బాధపడలేదా?" అని. 1853లో పుట్టిన నాలుగో కొడుక్కి థామస్ అని తాత పేరే పెట్టాడని చెప్పాను. మన ఇళ్లలో మామగారి పేరు నోటితో పలకకూడదని కోడళ్లు పిల్లాడికి ముద్దుపేరు పెడతారు. అక్కడ ఆ పట్టింపు లేదు. అయినా ఆ పిల్లాణ్ని థామస్ అని పిలిచింది తక్కువే. పుట్టినప్పుడు తల పెద్దగా, తోకకప్పలా (ఇంగ్లిష్‌లో టాడ్‌పోల్) ఉన్నాడని లింకన్ 'టాడ్' అని పిలిచేవాడు. అదే నిలిచిపోయింది.