సవరణ: పల్లె విడిచే ఆడపిల్లలకు కరువొక్కటే కారణం కాదు

అనంతపురం పల్లెల నుంచి యువతులు వెళ్లిపోవడానికి వర్షాభావమే కారణమని ఇంతకుముందు రాసిన వాక్యానికి ఈ సవరణ అవసరం. కరువు ఏడాది బెంగళూరుకు కూలికి వెళ్లిన కుటుంబాలు చాలావరకు తొలకరికి తిరిగి వస్తాయి. చదువుకున్న ఆడపిల్ల మాత్రం మంచి వాన కురిసిన ఏడాది కూడా రాదు. జనగణనలో స్త్రీల వలసకు అత్యధికంగా నమోదయ్యే కారణం పెళ్లి. అయితే చాలామంది విషయంలో ఊరు విడిచే నిర్ణయం పెళ్లికి ముందే, చదువు కోసం హాస్టల్లో చేరిన నాడే జరిగిపోతున్నది.

ఊళ్లో ఆమెకు మిగిలిన పని ఏమిటో చూడాలి. కలుపు తీయడం, విత్తనానికి చెనక్కాయలు ఒలవడం. వేళ్లు బొబ్బలెక్కేదాకా ఒలిచినా అది కొద్ది వారాల కూలే, అందులోనూ చాలా భాగం ఇప్పుడు యంత్రాలకు పోయింది. పొలమా, అది అన్నదమ్ములది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అంటే కేంద్ర చట్టం 2005లో మారడానికి చాలా ముందే ఉన్నప్పటికీ (ఆ తేదీకి ముందు పెళ్లయినవారికి అది వర్తించలేదు), పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చామన్న మాటతో ఆ భాగాన్ని చెల్లువేయడమే ఆనవాయితీ. మగపిల్లవాడిని ఊళ్లో నిలిపే ఆ నాలుగెకరాలు ఆమెకు లేవు. పైగా, అబ్బాయి సేద్యం చేస్తున్నాడంటే సంబంధం వద్దనేది, సేద్యం చేసిన తల్లులే.

మరొక చిన్న సవరణ: పెనుకొండ, హిందూపురం 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి, అక్కడి కార్ల, దుస్తుల కర్మాగారాల ఉద్యోగాలను అనంతపురం జిల్లా ఖాతాలో వేయకూడదు.