మహారాజశ్రీ నైబర్‌హుడ్ క్యారెక్టర్ (అనగా ఈ పేట పాతకాలపు తీరు) గారికి

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మాత్రం క్షేమంగా లేరని, ఇవాళో రేపో అన్నట్టున్నారని పక్కింటి పెద్దాయన కనబడిన వాళ్లందరికీ చెబుతున్నారు. కారణం మేమేనట. కాలిఫోర్నియాలోని శాన్ హోసే డౌన్‌టౌన్ పక్కన, హెన్స్లీ హిస్టారిక్ డిస్ట్రిక్ట్ అనే పాత పేటలో ఉన్న మా పాత విక్టోరియన్ ఇంటి పెరట్లో 740 చదరపు అడుగుల వాటా ఒకటి వేసి అద్దెకిద్దామనుకున్నాం. (ఆ పది అడుగుల కక్కుర్తి ఎందుకంటే, 750 దాటితే ఇంపాక్ట్ ఫీజులు, అంటే కొత్త కట్టడం వల్ల ఊరి వసతుల మీద పడే భారానికి కట్టే రుసుములు, పడతాయి.) రోడ్డు మీద నిలబడి ఎంత మెడ సాచినా అది కనబడదు. కనబడని ఇంటిని చూసి జబ్బు పడ్డారంటే మీకెవరిదో దిష్టి తగిలి ఉంటుంది.

పెద్దాయన రాసిన అభ్యంతరాల ఉత్తరం చదివాం. నీడ పడుతుందట, కార్లు నిండిపోతాయట, స్టూడెంట్లు గోల చేస్తారట. ఆయన ఇల్లు మీకు తెలియనిది కాదు. ముందువైపు చెక్క నగిషీలు, మూడు రంగుల పెయింటు, పెళ్లికూతురిలా ఉంటుంది. పక్క సందులోకి తిరిగితే గోడకు వరసగా అయిదు కరెంటు మీటర్లు, ఒక్కో మీటరుకు ఒక్కో కాపురం. చివరి మీటరు కింద మెట్లు, ఆ మెట్ల కింద ఇంకో తలుపు. ఒక కుటుంబం ఉండాల్సిన మేడను ఎప్పుడో గదులుగా కోసి అద్దెకిచ్చారు. ఆ అయిదు కాపురాలనూ కిమ్మనకుండా అరిగించుకున్న మీకు మా పెరట్లోని ఒక్క కాపురంతో అజీర్తి చేసిందా?

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా కాస్త చూశాం. మేజర్ హెన్స్లీ గారి ఎస్టేటును ప్లాట్లు వేసి అమ్మితే పుట్టారు తమరు. మన భాషలో చెప్పాలంటే ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ బిడ్డ. పెరట్లో కట్టడాలూ మీకు కొత్త కాదు. గుర్రబ్బండ్ల కొట్టాలు అక్కడే ఉండేవి. నీళ్ల ట్యాంకు కింద గదులు కట్టిన ట్యాంక్ హౌస్‌లు ఈ లోయలో పాత ఇళ్ల వెనక ఇప్పటికీ కొన్ని నిలబడే ఉన్నాయి, మా వాటా కంటే ఎత్తుగా.

ఇంకో పాత సంగతి, కోప్పడకండి. అమెరికా పౌరులయ్యే అర్హత లేని విదేశీయులు భూములు కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 1923లో అమెరికా పౌరసత్వం కోరిన పంజాబీ భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు ఆ అర్హత లేదని తేల్చాక మనవాళ్లూ అందులో ఇరుక్కున్నారు. మళ్లీ అర్హత వచ్చింది 1946లో. ఆ రోజుల్లో మాలాంటివాళ్లు మీ దరిదాపులకు రాకపోబట్టి మీ ఆరోగ్యం భేషుగ్గా ఉండేదేమో, మీరే చెప్పాలి.

అసలు మిమ్మల్ని మంచం పట్టించింది మేం కాదు, కొలత టేపు. పెరటి ఇళ్ల మీద రాష్ట్ర చట్టం 2020 నుంచి పక్కలా వెనకా నాలుగేసి అడుగులు వదిలితే చాలంటోంది. 800 చదరపు అడుగుల దాకా నగరం వాళ్లు కాదనడానికి లేదు. అన్ని కాగితాలూ ఇచ్చాక 60 రోజుల్లో తేల్చేయాలి, పబ్లిక్ హియరింగ్ ఉండదు. చారిత్రక రిజిస్టరులో ఉన్న ఇళ్లకు నష్టం రాకుండా రూల్స్ పెట్టుకోవచ్చు, కానీ అవి కొలిచి చూడగలిగేవై ఉండాలి. ‘మా పేటకు నప్పదు’ అన్నదాన్ని ఏ టేపుతో కొలుస్తారు? పార్కింగ్ సంగతి ఇంకా బాగుంది. చారిత్రక డిస్ట్రిక్టయితే పెరటి ఇంటికి పార్కింగ్ చూపించమని అడగకూడదని ఆ చట్టంలోనే ఉంది. మీ ప్రాచీనత పుణ్యమా అని మాకు ఆ ఖర్చు తప్పింది. ఎటూ మా దగ్గర అద్దెకుండేది శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదివే పిల్లలే. కారు కొనే స్తోమత ఉంటే మా పెరట్లోకి ఎందుకొస్తారు?

పెరటి ఇంటిని విడిగా అమ్ముకోవచ్చని 2024లో ఈ ఊరే ఒప్పుకుంది. ఆ కబురు పెద్దాయనకు మెల్లగా చెబుదామని ఆగాం.

నిజం చెప్పొద్దూ, మీరంటే మాకూ ఇష్టమే. లేకపోతే ఈ పాత ఇల్లు కొని, ఏటా దీని చెక్కకు ఇంత డబ్బు ఎందుకు పోస్తాం? వందేళ్ల నాటి చెక్క కిటికీలు పీకేసి వినైల్ ప్లాస్టిక్ కిటికీలు బిగించేవాళ్లను చూస్తే మాకూ ఒళ్లు మండుతుంది. మా వీధిలో ఆ పని జరిగిన రోజు మీరు గొంతెత్తుతారని ఎదురుచూశాం. మీరు మంచి నిద్రలో ఉన్నారు.

చివరగా ఒక మాట. మీకు ఈ పేటలో చోటు లేకుండా పోతోందని అంటున్నారు కాబట్టి, వాటా పూర్తయ్యాక మీరే వచ్చి దిగండి. కిచెన్ విడిగా ఉంది, తలుపు పక్క సందులోంచి. వారం పది రోజులకైతే కుదరదు. 30 రోజులకు పైబడితేనే ఇవ్వాలని రూలు. క్రెడిట్ స్కోరు, పాత ఓనరు దగ్గర నుంచి ఒక ఉత్తరం తెచ్చుకోండి. పెద్దాయన రాసిస్తారు.

ఇట్లు,
వెనక వాటా ఓనర్లు