కాకిలెక్కలకు నీలి అట్ట

జులై 14 వచ్చిందంటే ఫ్రెంచి విప్లవం నాటి బాస్టిల్ కోట ముట్టడి కబుర్లు మళ్లీ తెరమీదికి వస్తాయి. వాటి వెంటే మరో పొగడ్తా వినిపిస్తుంది. ఫ్రాన్స్ రాజుగారి జమాఖర్చులను తొలిసారి జనం చేతికిచ్చిన మహానుభావుడు ఆయన ఆర్థికాధికారి జాక్ నెకర్ అని, బడ్జెట్ పారదర్శకతకు ఆయనే ఆద్యుడని. ఈ భజన ఇక చాలు. నెకర్ లెక్కలు అచ్చు వేయించిన మాట నిజం. అచ్చు వేయించినదంతా నిజం కాదు. సగం పద్దు జనం ముందు పరచి, మిగతా సగం పక్కగదిలో దాచి, దానికి పారదర్శకత అని పేరు పెట్టడం అనే విద్యకు ఆయన గురువు. ఆ విద్య ఇవాళ మన సచివాలయాల్లోనూ మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతోంది. మా అభ్యంతరమంతా అక్కడే.

నెకర్ 1732లో జెనీవాలో పుట్టాడు. చిన్న వయసులోనే పారిస్‌లో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరి, భాగస్వామి అయ్యాడు. ధాన్యం బేరాల్లో, ఖజానాకు అప్పులివ్వడంలో కోట్లకు పడగెత్తాడు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పెద్దల్లో ఒకడిగా 1769లో ఆ కంపెనీని వెనకేసుకొచ్చాడు. మన మచిలీపట్నాన్ని పదేళ్ల కిందటే ఇంగ్లీషువాళ్లకు పోగొట్టుకుని, యానాం వంటి ముక్కలతో సరిపెట్టుకుంటున్న కంపెనీ అది. వెనకేసుకొచ్చినా దాని గుత్తాధిపత్యం ఆ ఏడాదే పోయింది. పదహారో లూయీ 1777లో ఆర్థిక వ్యవహారాలను నెకర్ చేతిలో పెట్టాడు. కేథలిక్ రాజ్యంలో ప్రొటెస్టెంటు కనుక మంత్రి హోదా దక్కలేదు, డైరెక్టర్ జనరల్ అన్నారు. జీతం వద్దన్నాడు. జనం మురిసిపోయారు. అప్పులిచ్చే చేతినే అప్పులు తెచ్చే కుర్చీలో కూర్చోబెట్టామన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు.

ఆ కుర్చీలో ఆయన చేసిన ప్రధానమైన పని అప్పు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్స్ ఇంగ్లండు మీదికి దిగింది. యుద్ధానికి పన్ను వేయాలి. పన్ను వేస్తే చప్పట్లు ఆగిపోతాయి. కాబట్టి నాలుగేళ్లలో దాదాపు 53 కోట్ల లివ్రలు (అప్పటి ఫ్రెంచి నాణెం) అప్పు తెచ్చాడు. అందులో ఎక్కువ భాగం జీవితకాల వార్షికాల రూపంలో. డబ్బు కట్టినవారు ఎవరో ఒకరి ప్రాణం మీద పత్రం రాయించుకుంటారు, ఆ మనిషి బతికున్నన్నాళ్లూ ఖజానా ఏటా నూటికి పది దాకా చెల్లిస్తుంది. ఏడేళ్ల పసిపిల్లకూ డెబ్బయ్యేళ్ల ముదుసలికీ ఒకటే రేటు!

జెనీవా బ్యాంకర్లు ఈ సందు ఎప్పుడో పసిగట్టారు. కలిగిన కుటుంబాల్లోంచి, మశూచి గండం గడిచిన ఆరోగ్యవంతులైన చిన్నారి బాలికలను ముప్పయి మందిని వైద్యుల చేత ఏరించి, మదుపుదారుల సొమ్మంతా వారి ప్రాణాల మీద సమంగా పరిచారు. ఒక్కో పిల్ల ఊపిరికీ లక్షల లివ్రలు వేలాడుతున్నాయి. పిల్లకు జ్వరం వస్తే తల్లి ఒక్కతే కాదు, ఊళ్లో వడ్డీ తినేవారంతా కంగారు పడేవారు. ఆ పిల్లలు నిక్షేపంగా పెరుగుతుంటే ఫ్రాన్స్ రైతు కట్టిన పన్ను ఏటేటా జెనీవాకు తరలిపోయింది. ఈ ఎత్తు నెకర్ రాకముందే పుట్టిందనేది నిజమే. పండింది మాత్రం ఆయన హయాంలోనే. ప్రాణానికి వయసును బట్టి వెల కట్టాలని ఒక బ్యాంకరుకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఇంత అప్పు నెత్తిన పెట్టుకుని 1781 ఫిబ్రవరిలో 'రాజుకు నివేదిక' విడుదల చేశాడు. నీలి అట్ట వేసిన పుస్తకం. రాచకుటుంబం ఖర్చెంత, భరణాలకు పోయేదెంత అన్న గుట్టు అంతవరకు బయటి కంటపడలేదు, కనుక జనం ఎగబడి కొన్నారు. చివరి లెక్క కళ్లు చెదిరేది. మిగులు కోటీ రెండు లక్షల లివ్రలు! యుద్ధం నడుస్తున్న దేశానికి మిగులు ఎలా వచ్చింది? సులువే. అందులో యుద్ధ ఖర్చు లేదు. అది 'అసాధారణ' ఖర్చు కనుక 'సాధారణ' పద్దులోకి రాదన్నాడు. ఇంటి పెద్ద పెళ్లి ఖర్చు పక్కన పెట్టి, కూరగాయల పద్దు చూపించి, నెలకు నూరు రూపాయలు మిగిలాయని చెప్పినట్టుంది ఇది. రాజు కొలువులో వృద్ధ మంత్రి మోర్పా దాన్ని 'నీలి కథ' అని వెక్కిరించాడు. ఫ్రెంచిలో లెక్కనూ కట్టుకథనూ పలికే తీరు ఒకటే. ఆ ముసలాయన నెకర్ మీద అసూయతో అన్నాడో, నిజం తెలిసి అన్నాడో గానీ, మాట మాత్రం సూటిగా తగిలింది.

నెకర్‌ను సమర్థించేవారు లేకపోలేదు. సాధారణ పద్దు వరకు ఆయన అంకెలు సరిగ్గానే ఉన్నాయని, దుబారా పదవులు ఎత్తివేశాడని, రాజు సొంత భూముల్లో వెట్టిదాస్యం రద్దు చేయించాడని వారంటారు. కావచ్చు. అంకె సరైనదే అయినప్పుడు దాన్ని చూపించి చెప్పిన మాట అబద్ధమైతే, అది ఇంకా పెద్ద మోసం. మిగులు ఉందని నమ్మిన దేశం కొత్త పన్ను ఎందుకు కడుతుంది? నెకర్ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన ప్రతివాడూ ఈ ప్రశ్న దగ్గరే బోర్లాపడ్డాడు. ఆరేళ్లకు, 1787లో, అప్పటి ఆర్థిక మంత్రి కలోన్ ప్రముఖుల సభను పిలిపించి లోటు 11.2 కోట్ల లివ్రలని చెబితే ఎవరూ నమ్మలేదు. 'నెకర్ కాలంలో మిగులుండేది కదా, మీరే తినేశారు' అన్నారు. నెకర్ లెక్కే తప్పని కలోన్, కాదు నాదే ఒప్పని నెకర్. కలోన్ తానూ తక్కువ తినలేదు, తన ఏలుబడిలో ఎడాపెడా అప్పులు చేసినవాడే. 1788 నాటికి 62.9 కోట్ల ఖర్చులో 31.8 కోట్లు అప్పుల చెల్లింపుకే పోయాయి. ఆ ఆగస్టులో ఖజానా చేతులెత్తేసింది.

అప్పుడు రాజు మళ్లీ ఎవరిని పిలిచాడు? నెకర్‌నే. 1789 మే 5న ప్రతినిధుల సభలో ఆయన దాదాపు మూడు గంటల ప్రసంగం తెచ్చాడు. మధ్యలో గొంతు పోతే మిగతాది మరొకరు చదివారు. లోటు 5.6 కోట్లేనట! మళ్లీ అదే పాట. జులై 11న రాజు ఆయన్ను సాగనంపితే, మర్నాడు పారిస్ జనం ఆయన మైనపు తలబొమ్మకు నల్లబట్ట కప్పి ఊరేగించారు, ఆపై రెండు రోజులకు బాస్టిల్ కూలింది. మూడోసారి వచ్చిన నెకర్ ఏడాది తిరిగేసరికి, 1790 సెప్టెంబరులో, పలకరించే నాథుడు లేక పదవి వదిలి వెళ్లిపోయాడు. తన సొంత సొమ్ము ఇరవై లక్షల లివ్రలకు పైగా ఖజానాలోనే వదిలేశాడు, ఆ ఒక్కటి ఆయన పక్షాన చెప్పాలి. 1804లో చనిపోయేదాకా అది తిరిగి చేతికి రాలేదు.

ఆ నీలి అట్ట మాత్రం చావలేదు. కేంద్రం ఏళ్ల తరబడి ఆహార సబ్సిడీకి డబ్బు ఇవ్వకుండా భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) చేత చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు చేయించింది. 2021లో ఆ మాటు తొలగించినప్పుడు, కరోనా ఉచిత బియ్యంతో కలిపి, 1.15 లక్షల కోట్ల పద్దు 4.22 లక్షల కోట్లయింది. అదే కేంద్రం 2022లో రాష్ట్రాల కార్పొరేషన్ల అప్పులను రాష్ట్రాల ఖాతాలోనే వేస్తామని గద్దించింది. 2023 డిసెంబరులో తెలంగాణ శ్వేతపత్రం ప్రకారం మొత్తం అప్పు 6.71 లక్షల కోట్లు. అందులో బడ్జెట్ అప్పు 3.89 లక్షల కోట్లే, మిగతాది కార్పొరేషన్ల పేరిట. ఆ లెక్కను నాటి ప్రతిపక్షం కాదన్నది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోనూ శ్వేతపత్రాల పర్వం నడిచింది. గమనించారా, శ్వేతపత్రం ఎప్పుడూ పోయినవారి మీదే! కలోన్ నెకర్ మీద రాసినట్టు. కుర్చీలో కూర్చుని తన అప్పు మీద తానే శ్వేతపత్రం రాసుకున్న పెద్దమనిషి ఏ పార్టీలోనూ కనిపించడు.

పక్కగది అప్పును 'అసాధారణం' అన్నా, 'కార్పొరేషన్ రుణం' అన్నా, 'బడ్జెటేతరం' అన్నా తీర్చేది పన్ను కట్టేవాడే. ముందటి ప్రభుత్వం అలా చేసిందని ఈ ప్రభుత్వం, ఈ ప్రభుత్వం చేసిందని రేపటి ప్రభుత్వం. ఒక్కసారి ఒప్పుకున్నందుకు ఇది ఆనవాయితీ అయి కూర్చుంది. ఎదుటివాడి పద్దు విప్పి చూపడానికి అంత ఉబలాటపడే ఆర్థిక మంత్రులు, వచ్చే బడ్జెట్ రోజున తమ కార్పొరేషన్ల అప్పును, తాము సంతకం చేసిన గ్యారంటీలను అనుబంధాల అడుగున కాకుండా మొదటి పేజీలో అచ్చు వేయించాలి. అట్ట రంగు వారి ఇష్టం.