పదకొండు గొంతులు, పద్దెనిమిది పదవులు

1498లో మాక్సిమిలియన్ చక్రవర్తి వియన్నాలోని తన ఆస్థాన సంగీత బృందంలో ఆరుగురు మగపిల్లలు ఉండాలని ఉత్తర్వు వేశాడు. ఇవాళ్టి వియన్నా బాలుర గాయక బృందానికి మూలం అదే. ఆ ఆరుగురు ఓ వందమంది కావడానికి శతాబ్దాలు పట్టింది. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ బాలబృందం పదకొండు మందితో మొదలై నాలుగు నెలల్లో నలభై మూడుకి చేరింది. ఎవరిని చూసి ఎవరు నేర్చుకోవాలో నేను చెప్పడం బాగుండదు. వాళ్లు అడిగితే మా పద్ధతి వివరిస్తాను. అడక్కపోయినా వివరిస్తాను.

మా బృందం వినాయక చవితి మీటింగులో పుట్టింది. డీజే పెట్టాలా వద్దా అని గంటన్నర కొట్టుకున్నాక, "పోనీ పిల్లల చేత పాడిద్దామండీ" అని వెనక కుర్చీల్లోంచి ఎవరో అన్నారు. ఆ అన్నది ఎవరో అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ముగ్గురు పట్టించుకున్నారు. అందుకే మాకు వ్యవస్థాపకులు ముగ్గురు. వాళ్లకి అధ్యక్షుడు, కార్యదర్శి, ఇద్దరు కోశాధికారులు (ఒకరి మీద ఒకరికి నిఘా ఉండాలిగా), డ్రెస్ కమిటీ, స్నాక్స్ కమిటీ, ఫొటోల కమిటీ కలిపితే పద్దెనిమిది పదవులు తేలాయి. అప్పటికి పాడే గొంతులు పదకొండు. ఇంత బందోబస్తు మధ్య ఒక్క స్వరమైనా తప్పించుకుపోతుందా?

నెల తిరక్కుండా ఏ బ్లాకు, బీ బ్లాకు విడిపోయాయి. దీన్ని కొందరు తప్పుబట్టారు గానీ వాళ్లకి సంగీత చరిత్ర తెలియదు. సాక్షాత్తూ తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన పెద్ద కచ్చి, చిన్న కచ్చి (తమిళంలో కచ్చి అంటే జట్టు) అని చీలి ఏళ్ల తరబడి వేరువేరుగా జరిగింది. ఆడవాళ్లని పాడనివ్వకపోతే బెంగళూరు నాగరత్నమ్మ మూడో జట్టు కట్టింది. ఆయన సమాధి దగ్గర గుడి కట్టించిన మనిషికే ఆ గతి! 1940 ప్రాంతంలో అందరూ కలిశాకే పంచరత్నాలని గుంపుగా పాడటం మొదలైంది. అంటే ముందు చీలాలి, తర్వాత పాడాలి. మేం మొదటి మెట్టు సక్రమంగానే ఎక్కాం.

మూడో అంతస్తు సంగీతం టీచరుగారు సాయంత్రం ఆరింటికి సెల్లార్‌లో, పార్కింగ్ గీతల మధ్య పిల్లల్ని నిలబెట్టి ఫోన్లో ఐదున్నర శ్రుతి పెట్టేవారు. ఎవరైనా కారు రివర్స్ చేస్తే దాని శ్రుతి వేరు. పాఠం అన్నమయ్య కీర్తన. మొదటివారం బాగానే సాగింది. రెండోవారం ఒక తల్లి వచ్చి, "టీచరుగారూ, మావాడికి ఒక్క లైనైనా సోలో ఉండాలండీ, వాళ్ల తాతగారు వీడియో కాల్లో చూస్తారు" అంది. మర్నాటికి తాతగార్లందరూ వీడియో కాల్లోకి వచ్చేశారు.

కీర్తనకి ఒక పల్లవి, మూడు చరణాలు. పిల్లలు నలభై ముగ్గురు. లైన్లు చాలక మాటకో ఫ్లాటు చొప్పున కేటాయించాం. అంతా సర్దుకుంది అనుకునే వేళకి సంధులు అడ్డొచ్చాయి. ముందు మాట 204ది, తర్వాతి మాట 307ది, మధ్యలో కలిసిపోయిన అక్షరం ఎవరిది? ఉత్వసంధిలో లోపించిన ఉకారానికి నష్టపరిహారం ఉందా? రెండు సాయంత్రాలు దీని మీదే గడిచాయి. నన్నయ నుంచి చిన్నయసూరి దాకా ఎవరూ ఇంత శ్రద్ధగా ఆలోచించి ఉండరు.

2009 మే నెలలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షన్నర మందికి పైగా కలిసి అన్నమయ్య కీర్తనలు ఏడు పాడారు. అంతమందికి సోలోలు ఎలా పంచారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. రేడియో అన్నయ్య, అక్కయ్య ఆకాశవాణిలో పిల్లల చేత పాడించారంటే అది వేరు సంగతి. రేడియోలో ముందు వరస ఎవరిదో కనబడదు.

వియన్నాలో గొంతు మారితే బృందంలోంచి పంపేసేవారు. షూబర్ట్ అంతటి స్వరకర్త 1812 జూలై 26న, చివరిసారిగా కూశానని స్వరపత్రం మీద రాసుకుని బృందంలోంచి తప్పుకున్నాడు. మాది అంత కఠినమైన సంస్థ కాదు. గొంతు మారిన తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి సౌండ్ సిస్టమ్ ఇన్‌ఛార్జిని చేశాం. శ్రుతిలో నిలవనివాళ్ల చెవిలో టీచరుగారు మెల్లగా, "నువ్వు పెదాలు ఆడించు నాన్నా, చాలు" అనేవారు. డిసెంబరుకల్లా ముప్ఫైమంది ఆ స్థాయికి ఎదిగారు. మిగిలిన పదమూడు మందిని మాత్రం ఎందుకు కష్టపెట్టడమని కమిటీ తీర్మానించి, పాటని బయట రికార్డు చేయించి పెన్‌డ్రైవ్‌లో తెప్పించింది.

కార్యక్రమం సంక్రాంతికే పెట్టుకున్నాం గానీ, సంక్రాంతికి హైదరాబాద్‌లో వాచ్‌మన్ కూడా ఉండడు. జనవరి 26కి మార్చాం. నలభై మూడు పట్టులంగాలూ కుర్తాలూ వేదికెక్కాయి. నూట యాభై ఫోన్లు లేచాయి. పాట మొదలైంది. రెండో చరణం సగంలో పెన్‌డ్రైవ్ ఆగిపోయింది.

పిల్లలు మాత్రం ఆగలేదు. నలభై మూడు జతల పెదాలు ఒకేసారి తెరుచుకుంటూ, ఒకేసారి మూసుకుంటూ, ఊపిరి తీసుకునే చోట కలిసి తీసుకుంటూ చరణం పూర్తిచేశాయి. 204, 307 కలిసే అక్షరం దగ్గర ఇద్దరి నోళ్లూ ఒక్కలాగే గుండ్రంగా తిరిగాయి. సెల్లార్‌లో ఒక్కరోజూ అంత కలిసి పాడలేదు వాళ్లు. సౌండ్ ఇన్‌ఛార్జి పెన్‌డ్రైవ్ పీకి, ఊది, మళ్లీ గుచ్చేలోపు చప్పట్లు మోగాయి.

ఆ రాత్రి మినిట్స్ పుస్తకంలో కార్యదర్శి గారు ఎర్రసిరాతో రాశారు: "అపస్వరాలు: లేవు." కింద పద్దెనిమిది సంతకాలు.